శవం దగ్గర బేరం కాదు, లేబర్ ఆఫీసులో లెక్క కావాలి



మన గూడేల నుంచి పనికి పోయే దారులు మీకు చెప్పక్కర్లేదు. పాడేరు, అరకు వైపు పిల్లలు విశాఖ చుట్టుపక్కల కంపెనీలకు పోతున్నారు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం వైపు వాళ్లు హైదరాబాద్ బిల్డింగుల మీద సెంట్రింగ్ పనికి, బోరు బండ్ల మీదికి పోతున్నారు. డిగ్రీ పూర్తి చేసినవాళ్లు కూడా గోడౌన్లలో మూటలు మోస్తున్నారు, డెలివరీ బ్యాగు భుజాన వేసుకుని తిరుగుతున్నారు.

పోయినవాళ్లలో ఒకరు ప్రమాదంలో చనిపోతే ఏం జరుగుతుందో కూడా మీకు తెలుసు. మార్చురీ దగ్గరికి మేస్త్రీ వస్తాడు. వెంట ఒక పెద్దమనిషిని తెచ్చుకుంటాడు. "అంబులెన్స్ మేమే మాట్లాడాం. దినాల ఖర్చుకు ఇంత ఇస్తాం. కేసంటే ఏళ్ల తరబడి తిరగాలి, మీవల్ల కాదు" అంటాడు. ఏడుస్తున్న తండ్రి చేత తెల్లకాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. శవం ఊరికొస్తుంది, మాట అక్కడితో ముగిసిపోతుంది.

ఆ కాగితంతో మాట ముగిసిపోదని మన దేశంలో చట్టం ఉంది. అది నిన్నమొన్నటిది కాదు, వందేళ్లు దాటింది. 2025 నవంబర్ 21 నుంచి దాని రూపం మారింది. ఆ చట్టం ఎలా పనిచేస్తుందో, ఏం మారిందో, ఏం మారకుండా మిగిలిందో మనలో చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. తెలియకపోతే మన ప్రాణానికి ధర మేస్త్రీయే కడతాడు.

తప్పు ఎవరిదని అడగని చట్టం

1923లో బ్రిటిష్ ప్రభుత్వం కార్మికుల నష్టపరిహార చట్టం తెచ్చింది. 1924 జూలై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అంతకు ముందు యజమాని తప్పు చేశాడని కార్మికుడు కోర్టులో రుజువు చేస్తేనే డబ్బు వచ్చేది. గనిలో కాలు పోగొట్టుకున్న కూలీ గని యజమాని నిర్లక్ష్యాన్ని కోర్టులో రుజువు చేయడం అయ్యే పనేనా?

కొత్త చట్టం ఆ ప్రశ్ననే పక్కన పెట్టింది. పని చేస్తుండగా, ఆ పని కారణంగా ప్రమాదం జరిగిందా? జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలి. తప్పు ఎవరిదన్నది అసలు విషయం కాదు. పనిలో వచ్చే లాభం యజమానిదైనప్పుడు పనిలో ఉన్న ప్రమాదం బరువూ అతనే మోయాలన్నది దీని వెనక ఉన్న ఆలోచన.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. మనవాళ్లు చనిపోయిన ప్రతిసారీ అవతలివాళ్లు మొదట అనే మాట, "తాగి ఉన్నాడండీ." ఆదివాసీ అనగానే ఆ మాట వాళ్ల నోట సిద్ధంగా ఉంటుంది. చట్టం ఏమంటుందో వినండి. తాగి ఉండటం, భద్రతా నియమం కావాలని మీరడం, రక్షణ పరికరం కావాలని తీసేయడం అనే సాకులు చిన్న గాయాల విషయంలోనే యజమానికి పనికొస్తాయి. మనిషి చనిపోయినా, ఇక ఏ పనీ చేయలేనంతగా శాశ్వత వైకల్యం వచ్చినా ఆ సాకులు చెల్లవు. తాగాడని చెప్పి చావుకు పరిహారం ఎగ్గొట్టే దారి చట్టంలో లేదు.

ఏయే పనులు దీని కిందికి వస్తాయి? చట్టం చివర ఒక జాబితా ఉంది. ఫ్యాక్టరీలు, గనులు, బిల్డింగ్ పనులతో పాటు చెట్లు నరకడం, దుంగలు తరలించడం, అడవిలో మంటలు ఆర్పడం, ట్రాక్టర్‌తో చేసే వ్యవసాయం, పురుగుమందు కొట్టడం, బావులు బోర్లు తవ్వడం, లారీలకు లోడింగ్ అన్‌లోడింగ్ అందులో ఉన్నాయి. మన బతుకుల్లోని పనులే ఇవి. అడవిలో మంటలార్పడానికి పెట్టుకున్న రోజు కూలీ కూడా ఆ జాబితాలో ఉన్నాడంటే ఎంతమంది నమ్ముతారు? రోజు కూలీ, తాత్కాలిక పని అని పక్కకు నెట్టే పాత మినహాయింపును కూడా 2000లో చేసిన సవరణ తీసేసింది.

లెక్క ఇలా కడతారు

"ఎంతొస్తుంది?" అని అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. చట్టమే ఆ లెక్క రాసి పెట్టింది.

చనిపోతే: నెల జీతంలో సగం తీసుకుని, వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చిస్తారు. శాశ్వతంగా ఏ పనీ చేయలేని వైకల్యం వస్తే నెల జీతంలో 60 శాతం తీసుకుని అదే గుణకంతో హెచ్చిస్తారు. వయసు తక్కువైతే గుణకం ఎక్కువ, ఎందుకంటే ఇంకా సంపాదించాల్సిన ఏళ్లు ఎక్కువ. 20 ఏళ్లకు 224, 25 ఏళ్లకు 216.91, 40 ఏళ్లకు 184.17.

నెలకు 12,000 సంపాదించే 25 ఏళ్ల పిల్లవాడు సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి చనిపోయాడనుకోండి. సగం 6,000. దాన్ని 216.91తో హెచ్చిస్తే 13,01,460 రూపాయలు. అదే జీతంతో 40 ఏళ్ల మనిషి అయితే 11,05,020. మార్చురీ దగ్గర ఆ తండ్రి చేతిలో పెట్టే నోట్ల కట్టను ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

అవయవం పోతే దానికీ పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం సంపాదన శక్తి పోయినట్టు లెక్క. పైన చెప్పిన 25 ఏళ్ల పిల్లవాడికే మిషన్‌లో పడి బొటనవేలు తెగితే సుమారు 4,68,500 రూపాయలు రావాలి. మనవాళ్లకు దక్కేది కట్టు కట్టించిన ఖర్చు, ఇంటికి పోవడానికి బస్సు చార్జీ.

వైద్యానికి అయిన అసలు ఖర్చు వేరేగా ఇవ్వాలి. కొన్నాళ్లు పని చేయలేని స్థితి అయితే ప్రతి పదిహేను రోజులకు నెల జీతంలో 25 శాతం చొప్పున, గరిష్ఠంగా ఐదేళ్ల వరకు ఇవ్వాలి. 1923 చట్టం ప్రకారం నెలలోపు పరిహారం కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో సగం వరకు అదనంగా వేయొచ్చు. "కేసంటే ఏళ్లు పడుతుంది" అని బెదిరించేవాడికి ఆ ఏళ్లకు వడ్డీ తన మీదే పడుతుందని తెలుసు. అందుకే ఆ రాత్రే సంతకం కావాలని తొందరపడతాడు.

ఈ లెక్కలో మన గొంతు నొక్కే ఒక పరిమితి ఉంది. నెల జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునేది కొంత వరకే. 2010లో ఆ పరిమితి 4,000 నుంచి 8,000 అయింది. 2020 జనవరిలో 15,000 అయింది. నెలకు 25,000 సంపాదించే 25 ఏళ్ల వెల్డర్ చనిపోయినా 15,000 మీదే లెక్క కడతారు, వచ్చేది 16,26,825. అసలు జీతం మీద కడితే 27,11,375 రావాలి. తేడా పదిన్నర లక్షలకు పైనే.

రెండో దారి: ఈఎస్ఐ

పైన చెప్పిన పద్ధతిలో డబ్బు యజమాని జేబులోంచి రావాలి. అతను బీమా చేయించుకుంటే బీమా కంపెనీ కడుతుంది, చేయించుకోకపోతే అతని దగ్గరే వసూలు చేయాలి. మేస్త్రీ పారిపోతే, చిన్న యజమాని చేతులెత్తేస్తే ఆదేశం కాగితంగానే మిగులుతుంది. ఈ పద్ధతి బలహీనత ఇదే.

దీనికి విరుగుడుగా వచ్చింది ఈఎస్ఐ. 1944లో అదార్కర్ ఇచ్చిన నివేదిక దానికి పునాది. ఆ రోజుల్లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినవారు అంబేడ్కర్. 1948లో చట్టమైంది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో మొదలైంది. ఇందులో యజమానులు, కార్మికులు నెలనెలా ఒక నిధికి కడతారు. ప్రమాదం జరిగితే ఆ నిధి ఇస్తుంది. యజమాని దివాలా తీసినా నిధి ఉంటుంది.

2019 జూలై నుంచి యజమాని వాటా జీతంలో 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట, నెల జీతం 21,000 వరకు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. పనిలో గాయపడి మంచాన పడితే జీతంలో 90 శాతం వస్తుంది. చనిపోతే ఆ 90 శాతాన్ని భార్య, పిల్లలు, కొన్ని షరతుల మీద తల్లిదండ్రులు పెన్షన్‌గా పంచుకుంటారు. 12,000 జీతమైతే ఆ కుటుంబానికి నెలకు సుమారు 10,800. పని ప్రమాదానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే షరతు లేదు. చేరిన మొదటి రోజు ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది. యజమాని చందా ఎగ్గొట్టినా ఈఎస్ఐ సంస్థ కార్మికుడికి ఇచ్చి, యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు.

ఈఎస్ఐ వర్తించే కార్మికుడు అదే ప్రమాదానికి మొదటి దారిలో పరిహారం అడగలేడు. రెండిట్లో ఒకటే. అందుకే పనిలో చేరిన రోజే "నా ఈఎస్ఐ నంబరెంత?" అని అడగాలి. చాలా కంపెనీల గేటు లోపల వంద మంది ఉంటారు, కాగితాల మీద మాత్రం పది మంది కూడా కనపడరు. మిగిలినవాళ్లు "కాంట్రాక్టర్ మనుషులు." ఆ మిగిలినవాళ్లలో మనమే ఎక్కువ.

మేస్త్రీ చాటున దాక్కునే యజమాని

"మీవాడు మా కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి." ఈ మాట విని వెనక్కి వచ్చిన కుటుంబాలు మన మండలాల్లో ఎన్నో. చట్టం అలా వెనక్కి పంపదు. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్‌కు అప్పగించినా, అసలు యజమానే పరిహారం కట్టాలి. కట్టాక కావాలంటే కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. వాళ్లిద్దరి లెక్క వాళ్లు చూసుకుంటారు, అది తేలేదాకా ఆగాల్సిన పని మనకు లేదు.

ఇక ఆ తెల్లకాగితం. కార్మికుడు తన పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాసిచ్చినా ఆ రాత చెల్లదు. మనిషి చనిపోతే యజమాని పరిహారాన్ని చట్టం నియమించిన అధికారి దగ్గరే జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చినది పరిహారంగా లెక్కకు రాదు, మూడు నెలల జీతానికి మించని అడ్వాన్స్ తప్ప. వైకల్యం కేసుల్లో రాజీ కుదిరితే ఆ ఒప్పందాన్ని అధికారి దగ్గర నమోదు చేయించాలి. మొత్తం తక్కువగా ఉందనో, మోసమో ఒత్తిడో జరిగిందనో అనిపిస్తే ఆయన నమోదుకు ఒప్పుకోకపోవచ్చు. నమోదు చేయించకపోతే పూర్తి పరిహారం బాధ్యత యజమాని మీద అలాగే ఉంటుంది.

కాబట్టి సంతకం పెట్టేసినవాళ్లు కూడా దారి మూసుకుపోయిందని అనుకోవద్దు. ప్రమాదం జరిగిన రెండేళ్ల లోపు క్లెయిమ్ వేయొచ్చు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే రెండేళ్లు దాటినా అధికారి తీసుకోవచ్చు. మీ ఊళ్లో గత రెండేళ్లలో ఇలాంటి చావులు జరిగాయేమో ఈ రోజే గుర్తుచేసుకోండి.

ప్రకటించే కోటి, రావాల్సిన లక్షలు

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ప్రభుత్వం కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో యాభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలే. అక్కడా కోటి ప్రకటన వచ్చింది. ఆ కుటుంబాలకు ప్రతి రూపాయీ అందాల్సిందే, అందులో రెండో మాట లేదు.

కానీ ఆలోచించండి. టీవీ కెమెరాలు వచ్చిన చావుకు కోటి. అదే వారంలో ఎక్కడో ఒక్కడే పైనుంచి పడి చనిపోతే అంబులెన్స్ ఖర్చు. ప్రాణం రెండు చోట్లా ఒకటే కదా? ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వం ఇష్టం మీద, వార్త పెద్దదా చిన్నదా అన్నదాని మీద ఆధారపడుతుంది. పరిహారం అలా కాదు. ఒక్కడు చనిపోయినా, ఏ పేపర్లో రాకపోయినా లెక్క ప్రకారం రావాలి. ఒకరి దయ మీద వచ్చేదానికి మనం దండం పెట్టాలి. హక్కుగా వచ్చేదానికి దరఖాస్తు పెడితే చాలు.

కెమెరాకు అసలే చిక్కని చావులూ ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ ప్రాంతాల భిల్, భిలాలా ఆదివాసీలు గుజరాత్‌లోని పలుగురాయి పొడిచేసే ఫ్యాక్టరీలకు పోయారు. ఆ రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వచ్చింది. ఊరికొచ్చి ఒక్కొక్కరే చనిపోయారు. పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 మేలో కోర్టు 238 మంది మృతుల కుటుంబాలకు 3 లక్షల చొప్పున ఇవ్వాలని గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. సిలికోసిస్ లాంటి వృత్తి రోగాన్ని కూడా చట్టం పని ప్రమాదంగానే చూస్తుంది. అయినా ఆ కుటుంబాలు అంత దూరం నడవాల్సి వచ్చింది, ఎందుకంటే వాళ్లు ఆ ఫ్యాక్టరీల్లో పనిచేశారని చూపే కాగితం ముక్క లేదు. క్వారీల్లో, క్రషర్లలో పనిచేస్తున్న మనవాళ్లు ఈ కథ నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

2025లో ఏం మారింది?

1923 చట్టం, 1948 ఈఎస్ఐ చట్టం, మరికొన్ని చట్టాలు కలిపి 2020లో పార్లమెంటు సామాజిక భద్రతా కోడ్ చేసింది. ఐదేళ్లు పక్కన పడి ఉన్న ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టం హక్కులే ఉంటాయి. పరిహారం బాధ్యత ప్రమాదం జరిగిన రోజే పుడుతుంది కాబట్టి.

మంచివి ముందు చెప్పుకుందాం. ఇంటి నుంచి పనికి పోతూ, పని నుంచి ఇంటికొస్తూ జరిగే ప్రమాదం కూడా, ఆ సమయానికీ చోటుకూ పనితో సంబంధం ఉంటే, పని ప్రమాదమేనని కోడ్ స్పష్టంగా రాసింది. 2025 జూలై 29న సుప్రీంకోర్టు కూడా, రాత్రి డ్యూటీకి బైక్ మీద పోతూ చనిపోయిన ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కేసులో, పాత చట్టం కిందే ఈ మాట చెప్పింది. ఆటోలో కిక్కిరిసి పనికి పోయే మనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఈఎస్ఐ విషయంలో, ప్రమాదకరమని కేంద్రం నోటిఫై చేసిన పనిలో ఒక్క కార్మికుడున్నా వర్తింపజేయొచ్చని కోడ్ చెబుతోంది. డెలివరీ యాప్‌ల కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రత నిధికి కట్టాలని కూడా ఉంది. దీనితో పాటు అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ప్రకారం కార్మికుడికి నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి.

ఇప్పుడు మారనివి. పది మంది కంటే తక్కువ ఉన్న చోట, నోటిఫై కాని పనిలో, పరిహారం ఇంకా యజమాని జేబు మీదే ఆధారపడి ఉంది. అతను తప్పనిసరిగా బీమా చేయించాలనే మాట కోడ్‌లోని పరిహారం అధ్యాయంలో లేదు. బోరు బండి, ఇటుక బట్టీ, చిన్న మేస్త్రీ దగ్గర సెంట్రింగ్ పని, మనం ఉండేది ఎక్కువగా అక్కడే. ఇంకొకటి. పాత చట్టంలో చావుకు కనీసం 1,20,000, శాశ్వత పూర్తి వైకల్యానికి కనీసం 1,40,000 అని చట్టంలోనే అంకె ఉండేది. కోడ్‌లో ఆ అంకె తీసేసి, కేంద్రం నోటిఫై చేసినంత అని రాశారు. నోటిఫికేషన్‌తో పెంచడం సులువే, నిజం. పెంచకుండా ఏళ్లు గడపడమూ అంతే సులువు. ఆ నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచాల్సింది మనమే.

మన దగ్గరే ఉన్న అడ్డంకులు

చట్టం ఎంత మంచిదైనా, రుజువు అడిగే చోట మనవాళ్లు ఓడిపోతున్నారు.

ఒకటి, పెళ్లి కాగితం. మన ఆచారం ప్రకారం జరిగిన పెళ్లికి రిజిస్ట్రేషన్ ఉండదు. "భార్య అని రుజువేది?" అని అడుగుతారు. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు, మన పెళ్లికి మన ఆచారమే చట్టం. గ్రామసభ తీర్మానం, రేషన్ కార్డు, పిల్లల స్కూలు రికార్డు, అంగన్‌వాడీ రిజిస్టర్, ఇవన్నీ రుజువులే.

రెండు, వేరేవాళ్ల ఆధార్. వయసు చాలలేదని అన్న ఆధార్ పట్టుకుని పనికి పోయే తమ్ముళ్లున్నారు. ప్రమాదం జరిగితే కాగితాల మీద చనిపోయింది అన్న అవుతాడు, తమ్ముడికి ఏ లెక్కా ఉండదు. ఈ పని దయచేసి ఎవరినీ చేయనివ్వకండి. పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరమే. అయినా చిన్నవాడని చెప్పి యజమాని తప్పించుకోలేడు, వయసు గుణకాల పట్టికలో మొదటి వరసే 16 ఏళ్లు దాటనివాళ్లది.

మూడు, దూరం. ప్రమాదం చెన్నైలో, కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లో, కుటుంబం గూడెంలో. ఎక్కడికని తిరగాలి? ఎక్కడికీ తిరగక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాదు, క్లెయిమ్ వేసే కుటుంబం నివసించే ప్రాంతంలోని అధికారి దగ్గరా వేయొచ్చు. మన రాష్ట్రాల్లో లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని డిప్యూటీ కమిషనర్, అసిస్టెంట్ కమిషనర్ స్థాయి అధికారులే ఈ కేసులు వింటూ వచ్చారు. ముందు మీ జిల్లా లేబర్ ఆఫీసుకు పోండి.

ఫోన్లో దాచుకోండి

పనికి పోయే ముందు:
- మీ సొంత ఆధార్‌తోనే పోండి. నియామక పత్రం అడగండి. ఇవ్వకపోతే అడిగినట్టు వాట్సాప్ మెసేజ్ పెట్టండి.
- కంపెనీ బోర్డు, సైట్, గేట్ పాస్, హాజరు పుస్తకం ఫొటోలు ఇంట్లో ఒకరికి పంపండి.
- జీతం ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయమనండి. అదే రేపు జీతానికి రుజువు.
- మేస్త్రీ పేరు, ఊరు, ఫోన్ నంబర్ గూడెంలో ఒక పుస్తకంలో రాసి ఉంచండి.

ప్రమాదం జరిగితే:
- పోలీసులకు ఫిర్యాదు చేయండి, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. చనిపోతే పోస్ట్‌మార్టం తప్పనిసరిగా జరగాలి. ఆసుపత్రి చీటీలో "పని చేస్తుండగా ప్రమాదం" అని రాయించండి.
- ఏ కాగితం మీదా సంతకం వద్దు. శవాన్ని ఊరికి పంపడానికీ సంతకానికీ సంబంధం లేదు.
- యజమానికి రాతపూర్వకంగా తెలియజేయండి, రిజిస్టర్డ్ పోస్టులో.
- జీతం రుజువు లేకపోతే, కనీస వేతనాల ప్రకారం లెక్క కట్టమని అడగండి.
- ట్రాక్టర్, లారీ, బోరు బండి లాంటి వాహనం వల్ల ప్రమాదమైతే మోటారు వాహనాల ట్రిబ్యునల్‌కూ పోవచ్చు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి కాబట్టి ముందే లాయర్‌ను అడగండి.
- లాయర్‌కు డబ్బు లేదని ఆగిపోకండి. షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

మనం అడగాల్సినవి

రాసి పెట్టుకోవడం మన పని. మిగిలింది ప్రభుత్వం చేయాలి. మన డిమాండ్లు ఇవి.

ఒకటి: ఒక్క కార్మికుడిని పెట్టుకున్నా సరే, ప్రమాద బీమా లేనిదే పని మొదలుపెట్టకూడదు. బండికి బీమా లేకపోతే రోడ్డెక్కనివ్వని ప్రభుత్వం, ఆ బండి మీద పనిచేసే మనిషికి బీమా లేకపోతే ఎందుకు ఊరుకుంటోంది?

రెండు: నోటిఫై చేయాల్సిన ప్రమాదకర పనుల్లో బోరు పని, క్వారీ, క్రషర్, ఎత్తు మీద కట్టడం పని ముందుగా రావాలి.

మూడు: 15,000 పరిమితి ఎత్తేయాలి. అసలు జీతం మీదే లెక్క కట్టాలి. కనీస మొత్తాన్ని ధరలతో పాటు ప్రతి ఏటా పెంచాలి.

నాలుగు: ప్రతి ఐటీడీఏ కేంద్రంలో లేబర్ అధికారి నెలకు ఒక్కసారైనా కూర్చోవాలి. క్లెయిమ్‌లు అక్కడే తీసుకోవాలి, కోయ, గోండి, కువి తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

ఐదు: వలస పోయేవాళ్ల రిజిస్టర్ గ్రామసభ చేతిలో ఉండాలి. ఎవరు, ఎక్కడికి, ఏ మేస్త్రీ వెంట పోయారో అందులో రాయాలి.

ఐదో దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ నెల గ్రామసభలోనే మొదలుపెట్టొచ్చు. డిగ్రీ చదివిన ఒక్కరు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. మీ గూడెంలో ఆ పుస్తకం మొదలుపెట్టండి. గత రెండేళ్లలో పనికి పోయి చనిపోయినవాళ్ల, చెయ్యో కాలో పోగొట్టుకున్నవాళ్ల పేర్లు మొదటి పేజీలో రాయండి. వాళ్ల ఇళ్లకు వెళ్లి కాగితాలు వెతకండి, వాళ్లను వెంటబెట్టుకుని లేబర్ ఆఫీసుకు పోండి. రెండేళ్ల గడువు అందరికీ ఒకేలా నడుస్తోంది, ఎవరికోసమూ ఆగడం లేదు.

జోహార్.